అన్నయ్యా, ఇంకెంత దూరం?

మీకు సైకిలు తొక్కటం వచ్చునా? వచ్చే ఉంటుంది. రానివాళ్లుంటే ఈ సెలవుల్లో నేర్చుకోండి. మోకాళ్లు నాలుగుసార్లు దోక్కుపోతాయి, అంతకు మించి ఏమీ కాదు.

వచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న అడుగుతాను. మీరూ మీ స్నేహితుడూ ఒకే దారిన, ఒకే వేగంతో పది కిలోమీటర్లు పోయారనుకోండి. ఇద్దరూ కలిసే బయలుదేరారు, కలిసే ఊరు చేరారు. అలాంటప్పుడు ఇద్దరూ పడిన శ్రమ సమానమే కదా?

"సమానమే" అని మీరంటే నేను వెక్కిరించను. పదమూడేళ్ల వయసులో నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకోబట్టే మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

అది 1968వ సంవత్సరం, మే నెల. మాది కృష్ణా జిల్లాలో, పామర్రు దగ్గర ఒక పల్లెటూరు. మా అక్కను బందరులో ఇచ్చారు. ఆ యేడు కొత్తావకాయ కలపగానే అమ్మ ఒక చిన్న జాడీకి ఎత్తి, మూతికి గుడ్డ వాసెన కట్టి, "అక్కకు ఇచ్చి రండిరా," అన్నది. బస్సులో పోతే గంటన్నర. కాని అప్పుడే సైకిలు నేర్చిన వాళ్లకు బస్సు రుచిస్తుందా? నాన్నను రెండు రోజులు బతిమాలి ఒప్పించాం. నాన్న సైకిలు నాకు, బాబాయి పాత సైకిలు తమ్ముడికి. వాడికి పదకొండేళ్లు. సీటు మీద కూచుంటే వాడి కాళ్లు పూర్తిగా అందవు. నడుం అటొకసారీ ఇటొకసారీ వాల్చుతూ తొక్కేవాడు.

"తెల్లవారకముందే బయలుదేరండి. తమ్ముణ్ణి ముందు పెట్టుకో, వాడి మీద ఒక కన్ను వేసి ఉంచు," అన్నాడు నాన్న నాతో.

మేము తెల్లవారకముందే లేచిన మాట నిజం. తీరా చూస్తే బాబాయి సైకిలు వెనక చక్రంలో చుక్క గాలి లేదు. పంక్చరు వేసేవాడు దుకాణం తెరిచేసరికి ఎనిమిది, మేము రోడ్డెక్కేసరికి తొమ్మిది అయింది. బందరు దాదాపు 30 కిలోమీటర్లు. జాడీని గోనెగుడ్డలో చుట్టి నా సైకిలు వెనక కట్టాం. నాన్న చెప్పినట్టే తమ్ముడు ముందు, నేను వెనక.

బయలుదేరిన కొత్తలో కాళ్లు పట్టేసినట్టు అనిపించింది. నాలుగు నిమిషాలయ్యేసరికి అదంతా పోయి, సైకిలు దానంతట అదే పరిగెడుతున్నట్టుంది. తమ్ముడు పద్యాలు పాడుతున్నాడు. ఎండాకాలం కాలవలు కట్టేశారు గనక ఎక్కడా నీళ్లు లేవు, చేలన్నీ బీటలు వారి ఉన్నాయి. నిడుమోలు దాటాం. అక్కడ ఎదురుగాలి తగిలింది.

మీరు సముద్రానికి దగ్గరలో ఉండేవాళ్లయితే ఈ గాలి మీకు తెలుసు. పొద్దెక్కిన కొద్దీ నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది గాలి వచ్చి చేరుతుంది. మా రోడ్డు ఆగ్నేయంగా, సముద్రం వైపుకు పోతుంది. కనక ఆ గాలి సూటిగా మా మొహాన కొడుతున్నది.

తమ్ముడు పద్యాలు మానేశాడు. కాసేపటికి, "అన్నయ్యా, ఇంకెంత దూరం?" అన్నాడు.

"ఇంకెంత, రెండు మైళ్లు," అన్నాను. నిజానికి ఐదారు మైళ్లు ఉన్నది.

రెండు మైళ్లూ అయిపోయినాయి. బందరు రాలేదు. మళ్లీ అడిగాడు. "ఇదిగో, ఇంకొక్క మైలే," అన్నాను. "కాళ్లు బరువుగా ఉన్నాయి అన్నయ్యా, కాసేపు ఆగుదాం," అన్నాడు. నేను ఆగనివ్వలేదు. నాకు ఆయాసమేమీ లేదు. ఇద్దరం ఒకే వేగంతో పోతున్నాం, ఒకే ఎండలో పోతున్నాం. పైగా జాడీ బరువు నా సైకిలు మీదే ఉంది. వాడివన్నీ వేషాలు అనుకున్నాను. "ఆడపిల్లలా ఏమిట్రా ఆ గునుపు!" అని కూడా అన్నాను. అది మరీ తెలివితక్కువ మాట. ఆ తరువాత మా చెల్లెలు సైకిలు నేర్చి మా ఇద్దరినీ దాటిపోయేది.

గూడూరు సమీపంలో వాడి సైకిలు వంకర్లు పోయి, రోడ్డు దిగి ఆగింది. వాడు దిగలేదు, ఒరిగిపోయాడు. దగ్గరికి వెళ్లి చూద్దును కదా, మొహం జేవురించి ఉంది. అంత ఎండలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "చలేస్తోంది," అన్నాడు. వెంటనే వాంతి చేసుకున్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఏం చెయ్యాలో తోచలేదు. అదృష్టం బాగుండి రోడ్డు పక్క తాటితోపులో ముంజలు కొట్టే తాత ఒకడున్నాడు. ఆయన పరుగున వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుని నీడకు చేర్చాడు. చొక్కా విప్పి, తలా ఒళ్లూ కుండలో నీళ్లతో తడిపి, తాటాకుతో విసిరాడు. కొంత తేరుకున్నాక ఉప్పు వేసిన పలచని మజ్జిగ గుక్కగుక్కగా పట్టాడు. ఒక అరగంటకు తమ్ముడు కళ్లు నిలిపి మాట్లాడాడు.

అప్పుడు తాత నా వంక తిరిగి, "వీడు ముందు తొక్కాడా, నువ్వా?" అని అడిగాడు.

"వాడే. నాన్న ముందు పెట్టుకోమన్నాడు."

"ఓరి నీ తెలివి తెల్లవార! ఎదురుగాలికి పసివాణ్ణి అడ్డం పెట్టుకుని వచ్చావా!" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమయింది. మిగిలిన సగం అర్థం కావటానికి చాలా ఏళ్లు పట్టింది.

గాలి మనను వెనక్కు తోసే బలం, గాలికీ మనకూ మధ్య వేగం రెండింతలయితే నాలుగింతలు అవుతుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి 12 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందనుకోండి. సైకిలు వేగం మారకపోయినా గాలి వాణ్ణి నాలుగింతల బలంతో తోస్తుంది. వెనక దగ్గరగా వచ్చేవాడికి ఈ బాధ చాలా తగ్గుతుంది. ముందువాడు గాలిని చీలుస్తుంటే, వాడి వెనక ఏర్పడే చాటులో వీడు సుఖంగా పోతాడు. సైకిలు పందేలలో ఆరితేరినవాళ్లు వంతులవారీగా ముందుకు వస్తూ ఉండటం ఇందుకే. ఆ రోజు మా తమ్ముడు ఏ చాటూ లేకుండా ఎదురుగాలిని పూర్తిగా ఎదుర్కొన్నాడు. నేను వాడి చాటున వస్తూ, "నాకు లేని ఆయాసం నీకెందుకురా?" అని వాణ్ణే దబాయించాను!

ఇక వాడి ఒంట్లో ఏం జరిగిందో చూద్దాం.

తీరుబడిగా కూచున్న పెద్దమనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గట్టిగా సైకిలు తొక్కేటప్పుడు అదే గుండె 20 లీటర్ల దాకా తోస్తుంది. అంటే నిమిషానికి ఒక పెద్ద బిందెడు! అందులో ఎక్కువ భాగం పనిచేసే కండరాలకే పోతుంది. కండరాలు ప్రాణవాయువును వాడుకుని, బొగ్గుపులుసు వాయువును, అదే మీరు బడిలో చదివే కార్బన్ డయాక్సైడ్‌ను, రక్తంలోకి వదులుతాయి. మనకు ఎగశ్వాస వచ్చేది ప్రాణవాయువు చాలక అని చాలామంది అనుకుంటారు. ఊపిరిని తొందరపెట్టటంలో పెద్ద చెయ్యి ఈ బొగ్గుపులుసు వాయువుది. మరి మొదటి నాలుగు నిమిషాలూ కాళ్లు పట్టేసినట్టుండటం ఎందుకు? కండరాలు పని మొదలుపెట్టినంత త్వరగా గుండే ఊపిరీ అందుకోలేవు. అవి అందుకున్నాక తేలికపడుతుంది. బరువైన బండిని కదిలించటం కష్టం, కదిలాక లాగటం సులువు. ఇదీ కొంచెం అలాంటిదే.

అసలు చిక్కు తరువాత వస్తుంది. తిన్న తిండి నుంచి వచ్చే శక్తిలో మహా అయితే నాలుగో వంతు సైకిలును తోస్తుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపటానికి శరీరం రక్తాన్ని చర్మానికి తరలిస్తుంది, చెమట పోయిస్తుంది. చెమట ఆరేటప్పుడు వేడిని పట్టుకుపోతుంది. కాని చెమట ఎక్కడ నుంచి వస్తుంది? కొంత మన రక్తంలోని నీటి నుంచే. ఇప్పుడు గుండె అవస్థ చూడండి. తోయవలసిన రక్తం తగ్గుతున్నది, అడిగేవాళ్లు మాత్రం ఇద్దరయ్యారు. కండరాలు "మాకు" అంటాయి, చర్మం "నాకు" అంటుంది. ఒక్కొక్క కొట్టులో తోసే రక్తం తగ్గటం చేత గుండె ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. అందుచేత సైకిలు వేగం పెరగకపోయినా, ఎత్తు ఎక్కకపోయినా, సేపు గడిచిన కొద్దీ నాడి పెరుగుతూ పోతుంది. ఎండలో మరీ పెరుగుతుంది. తొక్కేవాడికి కూడా పని బరువెక్కుతున్నట్టే తోస్తుంది. బరువెక్కుతున్నదని వాడికి లోపల తెలుస్తున్నది. పక్కవాడికి మాత్రం వేగం ఒక్కటే కనబడుతుంది.

మరి వాడికి లోపల తెలిసినదాన్ని మనం తెలుసుకోవటం ఎలా?

దీనికి జవాబు నాకు 2022లో దొరికింది. అప్పటికి నా గుండెకు చిన్న జబ్బు చేసి, డాక్టరుగారు వారానికి మూడు రోజులు కదలని సైకిలు తొక్కమన్నారు. చక్రం తిరుగుతుంది, మనం ఉన్నచోటనే ఉంటాం. బరువు ఎంత ఉండాలో మీట తిప్పి నిర్ణయిస్తారు. నా చేత తొక్కించే అమ్మాయి ఎదుటి గోడకు ఒక కాగితం అంటించింది. దాని మీద 6 నుంచి 20 దాకా అంకెలు, కొన్ని అంకెల పక్కన మాటలు. 6 అంటే శ్రమే లేదు. 9 చాలా తేలిక. 11 తేలిక. 13 కొంచెం కష్టం. 15 కష్టం. 17 చాలా కష్టం. 20 అంటే ఇంతకు మించి నా వల్ల కాదు.

"తాతగారూ, ఇప్పుడు ఎంత?" అని అయిదు నిమిషాలకొకసారి అడిగేది.

ఒకటి నుంచి పది దాకా పెట్టక ఈ ఆరేమిటి, ఇరవై ఏమిటి అని మీకు సందేహం వస్తుంది. నాకూ వచ్చింది. ఈ కొలత తయారుచేసినాయన గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన 1927లో పుట్టి 2020లో పోయాడు. 1960 తరువాతి సంవత్సరాలలో ఆయన మనుషుల చేత ఇలాంటి కదలని సైకిలే తొక్కించి, వాళ్లకు ఎంత కష్టంగా తోస్తున్నదో అడుగుతూ వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న యువకుడి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 సార్లు, ఒళ్లు దాచుకోకుండా శ్రమపడేటప్పుడు 200 సార్లు కొట్టుకుంటుందనుకుంటే, వాడు చెప్పిన అంకెను పదితో హెచ్చవేస్తే ఇంచుమించు వాడి నాడి రావాలని ఆయన ఆలోచన. 13 అంటే సుమారు 130. యంత్రం లేకుండా, మనిషి నోటిమాట మీదనే గుండె సంగతి తెలుసుకోవటం ఎంత చక్కని ఉపాయం!

అయితే ఈ లెక్క అందరికీ కుదరదు. ముసలివాళ్ల గుండె 200 దాకా పోదు. పైగా నేను గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటాను. నా నాడి చూసి నా శ్రమ చెప్పటం కుదరదు. అందుకే ఆ అమ్మాయి యంత్రాన్ని ఒక కంట చూస్తూ, నన్ను నోటితో కూడా అడిగేది.

ఒకరోజు ఏం జరిగిందంటే, మీట కదపకుండా అరగంట తొక్కాను. అయిదో నిమిషాన 11 అన్నాను. పదిహేనో నిమిషాన 12. ఇరవై అయిదో నిమిషాన నిజానికి 14 అనిపించింది. కాని పక్క సైకిలు మీద నాకంటే పెద్దాయన హాయిగా తొక్కుతున్నాడు. నాకు పౌరుషం వచ్చి, "పదకొండే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, "మాట మధ్యలో ఊపిరి తెగుతోంది తాతగారూ. పదకొండు వాళ్లు ఎక్కం అప్పజెప్పగలరు. పదమూడో ఎక్కం చెప్పండి," అన్నది.

నేను "పదమూడు మూళ్లు" దగ్గర ఊపిరి కోసం ఆగాను. ఆవిడ మీట తగ్గించింది. ఈ పరీక్ష మీరూ చేసి చూడవచ్చు. సైకిలు తొక్కుతూ పద్యం గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే పని తేలిక. మాటలు ముక్కలైతే కష్టం. ఒక్క మాటా రాకపోతే దిగిపొండి.

ఆ అమ్మాయి "ఎంత?" అని అడిగిన ప్రతిసారీ నాకు గూడూరు రోడ్డు గుర్తుకు వచ్చేది. మా తమ్ముడు ఆ రోజు అంకె చెప్పలేదు గాని, "కాళ్లు బరువుగా ఉన్నాయి" అన్నాడు. అంతకంటే స్పష్టంగా ఎవడు చెబుతాడు?

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. "రెండు మైళ్లే" అన్న నా అబద్ధం సంగతి. 2005లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. పరిగెత్తేవాళ్లను, కదిలే పట్టా మీద పది నిమిషాలు పరిగెత్తండి అన్నారు. పది నిమిషాలూ కాగానే, "ఇంకా పది నిమిషాలు పరిగెత్తాలి," అన్నారు. పట్టా వేగం మార్చలేదు. గుండె కొట్టుకోవటంలో పెద్ద తేడా రాలేదు. అయినా ఆ మాట విన్న మరుక్షణమే వాళ్లకు శ్రమ ఎక్కువగా తోచింది! మొదటే ఇరవై నిమిషాలని తెలిసినవాళ్లకు అలా కాలేదు. చూశారా, ఎంత దూరం ఉన్నదో తెలిస్తే మనసు ఆ దూరానికి తగ్గట్టు బలాన్ని పంచుకుంటుంది. తప్పు చెబితే ఆ పంపకం తారుమారవుతుంది. నేను తమ్ముడికి ధైర్యం చెబుతున్నాననుకుని, వాడి బరువు పెంచాను.

మెదడు అలిసినా ఇంతే. తొంభై నిమిషాల సేపు బుర్రకు పని చెప్పాక సైకిలు ఎక్కినవాళ్లు, తీరుబడిగా కూచుని ఎక్కినవాళ్ల కంటే ముందుగా చాలించుకున్నారని 2009లో మరొక పరీక్షలో తేలింది. గుండే కండరాలూ బాగానే ఉన్నాయి, పని మాత్రం మొదటి నుంచీ కష్టంగా తోచింది. లెక్కల పరీక్ష రాసి ఇంటికి వచ్చేటప్పుడు సైకిలు బరువుగా ఉంటే అది చైను తప్పు కాకపోవచ్చు. ఇంతకూ ఈ "కష్టంగా ఉంది" అనే భావం కండరాలు పంపే కబుర్ల నుంచి పుడుతుందా, లేక కండరాలకు మెదడు పంపే ఆజ్ఞల నుంచి పుడుతుందా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు.

బోర్గ్ అంకెలు పిల్లలకు అంత సులువుగా పట్టుబడవు. అందుకని 2000లో అమెరికాలో కొందరు పిల్లల కోసం బొమ్మల కొలత తయారుచేశారు. అందులో సున్న నుంచి పది దాకా అంకెలుంటాయి. ఒక పిల్లవాడు సైకిలు మీద మెట్ట ఎక్కుతూ ఉంటాడు. కింద హుషారుగా ఉంటాడు, పైకి పోయిన కొద్దీ వాలిపోతాడు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు ఆ పైనున్న పిల్లవాణ్ణి నేను చప్పున గుర్తుపట్టాను.

అన్నట్టు, ఆ రోజు మేము తాటితోపులోనే పొద్దు వాలేదాకా ఉండి, తాత పెట్టిన ముంజలు తిని, చల్లబడ్డాక బందరు చేరాం. ఈసారి నేను ముందు, తమ్ముడు వెనక. ఆవకాయ జాడీ పగలలేదు. తమ్ముడు ఒరిగిపోయిన సంగతి వాడు అక్కతో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇంటికి వచ్చాక నాన్నతో నేనే చెప్పాను. తన్నలేదు. అదే నయమని అప్పుడు అనుకున్నాను గాని, ఆయన ఏమీ అనకుండా చాలాసేపు నా వంక చూడటం తన్నులకంటే ఎక్కువ బాధించింది.

తమ్ముడు కిందటి చలికాలంలో మా ఇంటికి వచ్చాడు. వాడికీ తల నెరిసింది. ఆ బందరు రోడ్డు ఇప్పుడు పెద్ద రహదారి, మాలాంటివాళ్లు తొక్కగలిగేది కాదు. అందుకని సాయంత్రం రెండు సైకిళ్లు సంపాదించి కాలవగట్టు మీదికి పోయాం. గాలి ఎదురుగానే వస్తున్నది. నేను ముందు తొక్కాను. గోడ మీది కాగితం సంగతి వాడికి చెప్పి ఉన్నాను.

కొంత దూరం పోయాక వెనక నుంచి, "అన్నయ్యా, ఎంత?" అన్నాడు.

"పదమూడు."

"అబద్ధం. పదిహేను ఉంటుంది. మాట తెగుతున్నది," అన్నాడు వాడు. "దిగు, కాసేపు కూచుందాం."

దిగాను.